ముడి ఉన్న తాటాకు

ఏలూరులో కాలవ గట్టు పక్క అద్దె ఇంటికి మా ఆయన ప్లీడరు బోర్డు తగిలించిన రోజున మా అబ్బాయి నా కడుపులో నాలుగో నెల. అంతకు ముందు రెండేళ్లు ఆయన తాడేపల్లిగూడెంలో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియరుగా ఉన్నారు. అక్కడివన్నీ భూముల దావాలు. కొట్లాట అనీ దొంగతనమనీ ఎవరైనా గుమ్మం ఎక్కితే "మనకెందుకయ్యా ఆ రొచ్చు" అని ఆ పెద్దాయన పంపేసేవారు. అలా పంపేసిన వాళ్ల వెంట ఒకరోజు మా ఆయన రోడ్డు దాకా వెళ్లి, మాట్లాడి, ఆ కేసు తనే నడిపి గెలిచారు. ఆ తర్వాత ఆ ఆఫీసులో ఆయనకు కుర్చీ లేకుండా పోయింది. సెషన్సు కోర్టు ఏలూరులో ఉంది కాబట్టి ఇక్కడికి వచ్చేశాం. ఇక క్రిమినల్ కేసులే చేస్తానన్నారు, అదీ ఒంటరిగా. మా నాన్నగారు గూడెంలో మిషన్ స్కూలు మాస్టారు. "మీ అల్లుడుగారు హంతకుల తరఫున నిలబడతారటగా" అని ఎవరో అంటే, మూడు ఆదివారాలు ఆయన చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నారట.

గుమస్తా లేడు. నేను మద్రాసులో బి.ఏ. చదివినదాన్ని, దస్తూరి గుండ్రంగా ఉంటుంది, అందుకని వాంగ్మూలాల నకళ్లన్నీ నేనే రాసేదాన్ని. అది కాక నాకు ఇంకో ఉద్యోగం ఉండేది. కేసు వాయిదాకు ముందు మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను క్రాస్ పరీక్ష చేసేవారు. అవతలి పక్షం సాక్షి కాగితాల్లో చెప్పిందంతా నేను బట్టీ పట్టి పీట మీద కూర్చునేదాన్ని. అలా హెడ్ కానిస్టేబులునయ్యాను, కల్లు దుకాణం వాణ్ణయ్యాను, గేదె పోగొట్టుకున్న ముసలమ్మనయ్యాను. ఆయనను గెలిపించడం కోసం నేను కావాలని తప్పు చెప్పకూడదు, అదీ మా షరతు.

"నిన్ను పడగొట్టగలిగితే ఎవరినైనా పడగొట్టగలను," అనేవారు.

"నన్ను పడగొట్టడానికి లా పుస్తకాలెందుకండీ? పప్పు మాడుతోందనండి, నేనే లేచి పారిపోతాను," అనేదాన్ని.

మొదటి ఏడాదంతా మేజిస్ట్రేటు కోర్టులో చిన్న చిన్న కేసులే. రెండో ఏడాది వేసవి ముందు మొట్టమొదటి సెషన్సు కేసు వచ్చింది. గుండుగొలను కింద, కొల్లేట్లో ఒక లంక నుంచి నలుగురు పెద్దలు వచ్చి వరండాలో కూర్చున్నారు. చేపల వేలంపాట పాడుకున్న కంట్రాక్టరుకూ వాళ్లకూ నీళ్ల హద్దు మీద ఎప్పటినుంచో తగాదా. ఒకరోజు పొద్దుగుంకే వేళ కంట్రాక్టరు కాపలావాళ్లు ఇద్దరు దోనె మీద వెళ్తుంటే లంక వాళ్లు అడ్డుపడ్డారు. ఆ తోపులాటలో ఎవరో పడవ గడతో ఒక కాపలావాడి నెత్తి మీద కొట్టారు. ఎనిమిదో రోజున అతను ఏలూరు ఆసుపత్రిలో చనిపోయాడు. చీకట్లో కొట్టినవాణ్ణి పోల్చుకోలేదని చనిపోకముందు అతనే చెప్పాడు. రెండో కాపలావాడు మాత్రం చూశానని చెప్పి, పోలీసుల దగ్గర ఉన్న మనిషినే చూపించాడు. ఆ మనిషిని పోలీసులకు అప్పగించింది ఈ పెద్దలే. కింది కోర్టులో ఏమైనా చెప్పుకుంటావా అని అడిగితే అతను తల వంచుకుని ఊరుకున్నాడు. కేసు హత్య కింద సెషన్సుకు వచ్చింది.

"ఉరి లేకుండా సూడండి బాబుగోరూ. జైలైతే ఆడు సేత్తాడు," అన్నాడు నలుగురిలో పెద్దవాడు.

"అతనేమంటాడు?"

"ఆడనేదేముందండీ? మేమనేదే ఆడి మాట."

తలుపు చాటు నుంచి విన్నాను. ఆ మాట దగ్గర ఆగి ఆలోచించవలసింది. ఆలోచించలేదు.

మా ఆయన సబ్‌జైలుకు వెళ్లి అడిగితే ముద్దాయి "నేనే కొట్టానండి" అన్నాడు, అంతకు మించి నోరు విప్పలేదు. ఇక మిగిలిన దారి ఒకటే. అది పగబట్టి చేసిన హత్య కాదు, అప్పటికప్పుడు రేగిన కొట్లాటలో తగిలిన దెబ్బ అని వాదించాలి. జడ్జి నమ్మితే ఏడేళ్లో పదేళ్లో రాజమండ్రి జైలు. నమ్మకపోతే ఉరి.

ముద్దాయి భార్య మా పెరటి గుమ్మం వైపు వచ్చేది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో, చంకలో ఆడపిల్ల, నెత్తి మీద చేపల గంప. ఏలూరులో చేపలమ్ముకుని, జైలు గేటు దగ్గర మొగుణ్ణి చూసుకుని, మా ఇంటికి వచ్చి కూర్చునేది. దాని పిల్లనూ మా వాణ్ణీ ఒకే చాప మీద వేసేవాళ్లం. మొదటి రెండుసార్లు ఏమీ మాట్లాడలేదు. మూడోసారి చేపలు కడుగుతూ కడుగుతూ అడిగింది.

"ఉరంటే ఎన్నాళ్లకేత్తారండమ్మగోరూ?"

నేనేదో సర్దిచెప్పబోయాను. అది వినడం లేదు.

"ఆ రోజు మా ఆయన కుడిసెయ్యి ఇంత లావున వాసిపోయుందండి. జెల్ల సేప ముల్లు దిగింది. గడెట్టా పడతాడు? భీమడోలులో మిషనాసుపత్రికెల్తే కోసి, కట్టు కట్టి, ఆ రాత్రి అక్కడే పండుకోబెట్టేరు. తెల్లారేకొచ్చేడు ఇంటికి."

"మరి తనే కొట్టానంటాడేమిటి?"

"ఆకు ఆడికొచ్చిందండి," అంది, అంతకన్నా చెప్పడానికేముంది అన్నట్టు.

ఒక్కొక్క ప్రశ్నే వేసి తెలుసుకున్నాను. వెదురుతో అల్లిన మావులను, అంటే చేప దూరితే తిరిగి రాలేని బుట్టలను, కొల్లేట్లో ఎవరు ఎక్కడ దింపుకోవాలో ఏటా ఆ లంకలో ఆకులు వేసి తేల్చుకుంటారు. తాటాకు ముక్కలకు ముళ్లు వేసి కుండలో వేస్తారు. ఇంటికొక మగవాడు చెయ్యి పెట్టి తీస్తాడు. ఎన్ని ముళ్లు వస్తే ఆ చోటు అతనిది. వచ్చిన ఆకును కాదన్నవాడు ఇంతవరకూ లేడు. దెబ్బ తగిలిన మర్నాడు పోలీసులు వచ్చి, మనిషిని ఇస్తారా, ఊళ్లో మగవాళ్లందరినీ కట్టుకుపోమంటారా అన్నారు. పెద్దలు అదే కుండ తెచ్చి, ఒక్క ఆకుకే ముడి వేశారు. అప్పటికి కాపలావాడు ఆసుపత్రిలో లేచి కూర్చుని గంజి తాగుతున్నాడు. ఆరు నెలలు జైలు పడుతుంది, ఆ ఆరు నెలలూ ఆ ఇంటిని ఊరు చూసుకుంటుంది అనుకున్నారు. కట్టు కట్టిన చెయ్యి కుండలో పట్టక ముద్దాయి ఎడమ చేత్తో తీశాడు. ముడి ఉన్న ఆకు వచ్చింది. వారం తిరిగేసరికి కాపలావాడు చనిపోయాడు. ఒకసారి తీసిన ఆకును తిరిగి కుండలో వెయ్యడం అనేది వాళ్లలో లేదు.

"కొట్టినవాడు?" అడగకూడనిది అడిగాను.

అది పేరు చెప్పింది. "ఆడూ తీసేడండి ఆకు. ఆడికి వొట్టిదొచ్చింది."

"ఇదంతా బాబుగారికి చెప్పాలి," అని లేచాను.

అది నా కొంగు పట్టుకుంది. "వొద్దండమ్మగోరూ. కోర్టులో మాటొచ్చిందంటే ఆకు తప్పినోళ్లమైపోతాం. మాకిక కొల్లేట్లో సోటుండదు. ఆడికి తెలిత్తే నా మొకం సూడడు."

"మరి నాకెందుకు చెప్పావు?"

"ఊళ్లో అందరికీ తెలుసండి. అందుకే ఎవరికీ సెప్పుకోలేను."

నా చెయ్యి పట్టుకుని చాప మీద ఉన్న మా వాడి నెత్తి మీద పెట్టి, చెప్పనని అనమంది. ఒట్లు పెట్టుకోవడం మా ఇళ్లలో లేదు, ఆ మాట వింటేనే నాన్నగారు కోప్పడేవారు. వాడి మాడు నా అరచేతి కింద మెత్తగా కొట్టుకుంటోంది. చెప్పనన్నాను.

ఆ పది రోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. మిషన్ ఆసుపత్రుల సంగతి నాకు తెలుసు, ఆ కాంపౌండులోనే పెరిగాను. గరిటెడు మందు కోసం వచ్చినవాడి పేరు కూడా రిజిస్టరులో ఎక్కించకుండా పంపరు. అంటే ఒక మనిషి ప్రాణం నిలబెట్టే కాగితం భీమడోలులో ఒక బీరువాలో ఉంది. ఆ సంగతి తెలిసి కూడా నేను ఇక్కడ "ముద్దాయి రెండు చేతులతో గడ ఎత్తి" అని గుండ్రటి అక్షరాలతో నకలు రాస్తున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచినప్పుడల్లా మా వాడు తుమ్మేవాడు. చదువుకున్నదానివి, ఇదేం బుద్ధి అని నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా పక్క గదిలో వాడు దగ్గితే కలం ఆగుతోంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మధ్యాహ్నం, నన్ను రెండో కాపలావాడిగా కూర్చోబెట్టారు.

"నీ దోనెకూ ముద్దాయి దోనెకూ ఎంత దూరం?"

"ఒక గడ దూరమండి."

"చనిపోయినతను చీకటి పడిందన్నాడు. నీకు మాత్రం మొహం ఎలా తెలిసింది?"

"ఆడికి సత్తువ లేని కళ్లండి. నావి గద్ద కళ్లు."

ఆయన నవ్వారు. "కాగితాల్లో లేని తెలివి చూపిస్తున్నాడే సాక్షి! సరే, గడ ఎలా పట్టుకున్నాడు?"

"రెండు చేతులతోనండి."

"చూపించు."

మూలనున్న రోకలి తీసుకున్నాను. రెండు చేతులతో ఎత్తబోయి, సగంలో ఆగిపోయాను. కుడి అరచేతిలో వాపు నాకే ఉన్నట్టు అనిపించింది.

"ఎత్తు."

"ఎత్తలేనండి."

"రోజూ దంచే రోకలేగా?"

ఆయన నవ్వు పోయింది. కోర్టులో వేసినట్టే, దారి పక్కనున్న ప్రశ్నలు వేశారు. ముద్దాయి భార్య మొన్న వచ్చిందా? వచ్చింది. ఏం తెచ్చింది? చేపలు. ఎంతసేపు కూర్చుంది? ఎంతోసేపు కాదు. పిల్లలిద్దరూ ఏం చేశారు? పడుకున్నారు. పడుకుని లేచేదాకా ఉందన్నమాట. ఏం చెప్పింది? ఏమీ లేదు.

"ఏ చెయ్యి?" అన్నారు ఉన్నట్టుండి.

"కుడి చెయ్యి," అన్నాను.

అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. రోకలి చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. మా వాడు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి భుజాన వేసుకుని, వాడి వీపు నిమురుతూ, అంతా చెప్పేశాను. కొట్టినవాడి పేరు తప్ప.

"పేరు అడగను. నాకది తెలియకపోవడమే మంచిది," అన్నారు ఆయన.

మర్నాడు సబ్‌జైలుకు వెళ్లి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డారు. ముద్దాయి గోడకు ఆనుకుని విన్నాడట. విని, "ఆసుపత్రి మాటెత్తితే నాకు ప్లీడరే వొద్దని జడ్జీగోరితో సెప్పేత్తాను" అన్నాడట.

"క్లయింటు అతను. వద్దంటున్నాడు," అన్నారు.

"మీరు అనుకున్నట్టే వాదిస్తే ఉరి తప్పుతుందా?"

"తప్పొచ్చు."

"తప్పొచ్చా?"

"అంతకన్నా నేనేం చెప్పను?" అని విసుక్కున్నారు. బూటు లేసు లాగుతూ, "ఆ నలుగురు పెద్దలు ఒక్క మాటంటే కొల్లేటి నుంచి ఇంకెవరూ మన గుమ్మం ఎక్కరు. మనకు వచ్చే కేసుల్లో సగం అక్కడివే. వాళ్ల మాట కాదని వాళ్ల మనిషిని విడిపించిన ప్లీడర్నని చెప్పుకుని బతకాలి," అన్నారు.

నాలుగో రోజున నేనే అడిగాను, ఏం ఆలోచించారని. "కాంపౌండరుకు సమను వెళ్లింది, రిజిస్టరు తీసుకుని రమ్మని," అన్నారు అన్నం కలుపుకుంటూ. అన్నం తినలేదు.

విచారణ రోజున పిల్లవాణ్ణి ఎత్తుకుని కోర్టుకు వెళ్లాను. వరండా కిటికీ దగ్గర ముద్దాయి భార్య నిలబడి ఉంది. అవతలి కిటికీ దగ్గర చనిపోయిన కాపలావాడి భార్య. లోపల రెండో కాపలావాడు చెప్పవలసిందంతా చెప్పాడు. మా ఆయన అతన్ని అడిగింది ఒక్కటే.

"రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడా?"

"ఇనప సువ్వ పట్టినట్టు పట్టుకున్నాడండి."

అంతే, కూర్చున్నారు. లంక పెద్దలు మొహాలు చూసుకున్నారు. మధ్యాహ్నం కాంపౌండరు చంకలో రిజిస్టరు పెట్టుకుని బోను ఎక్కగానే నా పక్కనున్న మనిషి బిగుసుకుపోయింది. నా వైపు తిరిగి, "సెప్పేసేరా?" అంది. తిట్టలేదు. తన పిల్లను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

కాంపౌండరు పేరూ ఊరూ తారీఖూ చదివాడు. ప్రభుత్వ ప్లీడరు లేచారు.

"ఆ పేరు ఆ లంకల్లో ఎంతమందికి ఉంటుందయ్యా?"

"గంపెడు మందికి ఉంటుందండి."

"మరి ఆ రోజు వచ్చింది ఇతనేనని ఎలా చెబుతావు?"

"చెయ్యి కోసింది నేనేనండి. మందు డబ్బులకు బదులు కుండలో బతికున్న కొర్రమీను ఇచ్చాడండి. అది రాత్రి కుండలోంచి దూకి డ్రెస్సింగు గదంతా పాకితే, దాన్ని పట్టుకోవడానికి ఈ మనిషినే నిద్ర లేపానండి."

కోర్టంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే బోనులోంచి ముద్దాయి అరిచాడు.

"నేను కాదండి ఆడు! నేను ఏ ఆసుపత్రికీ ఎల్లలేదు. కొట్టింది నేనేనండి, రాసుకోండి!"

మా ఆయన బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయన మెడ వెనక చెమట కిటికీ దగ్గరికే కనిపిస్తోంది.

"నీ కుడి చెయ్యి చూపించు," అన్నారు జడ్జిగారు.

అతను చూపించలేదు. అరచెయ్యి కనబడకుండా పిడికిలి బిగించాడు. బిగించాననుకున్నాడు. చూపుడు వేలూ నడిమి వేలూ ముడుచుకోలేదు. మిగతా రెండూ అరచేతిలోకి దిగాయి, ఆ రెండు మాత్రం కొయ్య ముక్కల్లా ముందుకు నిలబడ్డాయి. అతను ఇంకా గట్టిగా బిగించాడు. ముంజేతి నరాలు లేచాయి గాని ఆ వేళ్లు కదల్లేదు.

"నరం పోయిందండి. ఆ వేళ్లిక వంగవని ఆ రాత్రే చెప్పానండి," అన్నాడు కాంపౌండరు మెల్లిగా.

జడ్జికి సలహా చెప్పడానికి కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులూ నేరం లేదన్నారు. మర్నాడు తీర్పు చెప్పి వదిలేశారు. ఉన్న ఒక్క సాక్షీ ఈ మనిషి మీదే ప్రమాణం చేసి ఉన్నాడు కాబట్టి, ఆ తర్వాత పోలీసులు ఇంకొకరి మీద కేసు కట్టలేకపోయారు.

కోర్టు మెట్ల మీద ముద్దాయి మా ఆయనకు దణ్ణం పెట్టలేదు. "ఏం పని సేసేరండీ?" అన్నాడు. పెద్దలు నలుగురూ అతని పక్క నుంచే నడిచి వెళ్లిపోయారు.

కాపలావాడి భార్య నా దగ్గరికి వచ్చింది. "అమ్మగారూ, సదువుకున్నోరు మీరు. ఈయన కొట్టలేదంటే, మా ఆయన్ని ఎవరు కొట్టినట్టండీ?"

నాకు తెలుసు. తెలియదమ్మా అన్నాను. ఆమె నమ్మింది. అది ఇప్పటికీ నాలో అలాగే ఉంది.

వారం తర్వాత ముద్దాయి భార్య వచ్చింది. ఊళ్లోకి రానివ్వడం లేదట, గుండుగొలను స్టేషను దగ్గర చెట్టు కింద ఉంటున్నారట. "ఒక కాయితం రాసియ్యమన్నాడండి. ఆకు నేను తప్పలేదు, ప్లీడరుగోరే తప్పించేరని."

మా ఆయన ఇంగ్లీషు వాసన వేసే తెలుగులో రెండు వాక్యాలు చెప్పి, "నువ్వే రాయి," అన్నారు. రాశాను. మీ కుండలో తీసిన ఆకును ఇతను చివరిదాకా మోశాడు. ఉరి ఎదురుగా ఉన్నా నిండు కోర్టులో నేనే కొట్టానన్నాడు, అది మీరూ విన్నారు. ఆ మాట చెల్లకుండా చేసింది ఇతను వద్దంటున్నా వినని ప్లీడరు. తప్పు ప్లీడరుది, నీళ్లలో ఇతని చోటు తీయవద్దు. అలా రాశాను. మా ఆయన రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా కింద సంతకం చేశారు.

ఏమైందో చాలా రోజులు తెలియలేదు. మా వరండా మీదికి కొల్లేటి మనిషి ఒక్కడూ రాలేదు. మెట్ట నుంచి, జంగారెడ్డిగూడెం వైపు నుంచి అప్పుడొకరూ ఇప్పుడొకరూ రావడం మొదలైంది, దాంతో నెట్టుకొచ్చాం. వానాకాలం తర్వాత నాన్నగారిని చూడడానికి గూడెం వెళ్తుంటే, భీమడోలులో రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద అది కనిపించింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని నా కిటికీ పక్కకు వచ్చి, నా వైపు చూడకుండా, ఇంజను వైపు చూస్తూ మాట్లాడింది.

"పంతులుగోరి సేత రెండుసార్లు సదివించేరండి కాయితం. మా సోటు మాకుంచేరు. ఆడి సెయ్యి పనికిరాదు, మావులు నేనే దింపుతున్నాను."

"మరి మా ఇంటికి రావడం లేదేం?"

"మీ గుమ్మం తొక్కకూడదని కట్టుబాటండి. మీతో మాటాడినా తప్పే." గార్డు ఈల వేశాడు. "రేపెప్పుడన్నా ఎక్కడైనా కనబడితే, పలకరించకండమ్మగోరూ," అని గంప సర్దుకుని వెనక పెట్టెల వైపు వెళ్లిపోయింది.